పంపిస్తానని చెప్పి పంపని రోజు

నా కడుపులో మాట ఆగదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరి బోరులో నీళ్ళు పడలేదో, ఎవరింట్లో పెళ్ళి మాటలు చెడిపోయాయో మధ్యాహ్నం నా చెవిన పడితే, సాయంత్రానికల్లా చింతామణి బస్టాండులో కాఫీ తాగేవాళ్ళందరి నోళ్ళలోనూ నానుతుంది. నా భార్య తన పుట్టింటి కబుర్లు నాకు చెప్పడం ఎప్పుడో మానేసింది. అలాంటి వాగుడుకాయను నేను. అయినా ఒక్క మాట దాచాను. ఏళ్ళ తరబడి దాచాను.

ఆ బరువుతో అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు అని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ అది అబద్ధం. బాగానే తిన్నాను. బాగానే నిద్రపోయాను. పొట్ట కూడా వచ్చింది. కాకపోతే ఏదో ఒక పెళ్ళిలో, ఆకు ముందు కూర్చుని పక్కవాడితో నవ్వుతూ ఉండగా, ఉన్నట్టుండి అది గుర్తొచ్చేది. నవ్వు సగంలో ఆగిపోయేది. పక్కవాడు అన్నంలో రాయి తగిలిందేమో అనుకునేవాడు. నేనూ అవునన్నట్టు నోరు పట్టుకునేవాణ్ణి. నేను చేసిన తప్పును ఒక పదిహేనేళ్ళ పిల్ల మోసింది. మోయనిచ్చాను. అదీ సంగతి.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఊరి పేరు కూడా అడక్కండి. చింతామణి తాలూకాలో ఒక ఊరు, అందులో ఒక హైస్కూలు, అక్కడ నేను లెక్కల మేష్టర్ని. పాఠం కన్నడంలో, తిట్లు తెలుగులో. పిల్లలకు రెండూ బాగా అర్థమయ్యేవి.

ముందు ఉలవల సంగతి చెప్పాలి. మా వైపు రాగి కోసినా, ఉలవ పీకినా తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులు, లారీలు, టెంపోలు తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. పరచకూడదని పైవాళ్ళు చెబుతూనే ఉంటారు, మావాళ్ళు పరుస్తూనే ఉంటారు. రాగితో పెద్ద గొడవ లేదు. ఉలవ తీగ అలా కాదు. కారు కింద ఇరుసుకు చుట్టుకుంటుంది, పొగగొట్టం వేడికి అంటుకుంటుంది. ఒక జనవరిలో బాగేపల్లి వైపు పోతున్న పెళ్ళికొడుకు కారు సరిగ్గా మా స్కూలు గేటు ముందర పొగలు కక్కడం మొదలుపెట్టింది. పెళ్ళికొడుకు బాసికంతో సహా కిందికి దూకాడు. ఫైరింజను తాలూకా నుంచి రావాలి. దారంతా పంట పరిచి ఉంటే అది మాత్రం ఎగిరి వస్తుందా?

మా స్కూలు తొట్టిలో ఆ రోజు నీళ్ళు లేవు. తొమ్మిదో తరగతిలో గిరిజ అని ఒక పిల్ల ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒక తొందరలో ఉండే పిల్ల. ఆ పిల్ల వంటగది వైపు పరిగెత్తి, "నీళ్ళు లేవు, సారు ఉండాది, పట్టండ్రా!" అని కేక పెట్టింది. మా వైపు చారునే సారు అంటారు. బిసియూట, అంటే బడి మధ్యాహ్న భోజనం కోసం కాచి పక్కన పెట్టిన సారు గుండిగను నలుగురు పిల్లలు మోసుకుంటూ వచ్చారు. బియ్యం గోనెలు అందులో ముంచి కారు కింద కొట్టారు. మిగిలిన సారు మొత్తం పోశారు. మంట ఆరింది. వంటమ్మ తల పట్టుకుంది. పెళ్ళికొడుకు ఇంగువ వాసనతో పోయి తాళి కట్టాడు. ఆ రోజు మేమందరం ఉత్త మజ్జిగన్నం తిన్నాం. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

ఆ తర్వాత మా పి.టి. మేష్టరు ఆగలేదు. తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో చురుకైన వాళ్ళను ఏరి ఒక జట్టు కట్టాడు. కన్నడంలో 'బెంకి పడె' అని పేరు పెట్టాడు, అంటే నిప్పు దండు. గోనెలు తడిపి కొట్టడం, కానుగ కొమ్మలతో గడ్డి మంట అణచడం, పొడుగు గడలకు కట్టిన కొక్కేలతో గడ్డి వామిని పీకి చెదరగొట్టడం, అన్నీ నేర్పించాడు. ఆ సామానంతా స్కూల్లో ఆటల గదిలో ఉండేది. తాళంచెవి కెప్టెన్ గిరిజ మెడలో ఉండేది. ఊళ్ళో ఎక్కడ నిప్పంటుకున్నా పాల డైరీ సెక్రెటరీ స్కూలుకు ఫోన్ చేయాలి. పిల్లలు క్లాసు వదిలి పరిగెత్తాలి.

నాకు ఇది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. పిల్లలకు కాళ్ళో చేతులో కాలుతాయని భయమా? అదీ ఉంది. చదువుకోవాల్సిన పిల్లలు పెద్దవాళ్ళ పని ఎందుకు చేయాలి, ఊళ్ళో మగవాళ్ళందరూ ఏం చేస్తున్నారు అన్న న్యాయమా? అదీ ఉంది, ఆ మాట ఇప్పటికీ తప్పనుకోను. కానీ నిజం చెప్పమంటే, నా క్లాసులోంచి లేచి పోతున్నారన్నదే అసలు మంట. నేను చెమటలు కక్కుతూ త్రిభుజాలు గీస్తూ ఉంటే, ఫోన్ మోగగానే ముందు బెంచీలన్నీ ఖాళీ. గంట తర్వాత పొగ కంపుతో, మసి మొహాలతో, ఎవరో రైతు ఇచ్చిన వేరుశనక్కాయలు నములుతూ గెలిచి వచ్చినట్టు వచ్చేవాళ్ళు. పోనివాళ్ళు వాళ్ళ చుట్టూ మూగేవాళ్ళు. నా పాఠం ఎవరికి కావాలి? యూనిట్ టెస్టు రోజు ఎక్కడైనా నిప్పు పడాలని పిల్లలు మొక్కుకుంటున్నారని కూడా నాకు తెలిసింది.

స్టాఫ్‌రూమ్‌లో నేనూ పి.టి. మేష్టరూ రోజూ వాదించుకునేవాళ్ళం. ఎస్సెస్సెల్సీ పరీక్షలో మంట ఎలా ఆర్పాలో అడుగుతారా అని నేను. ఊరు కాలుతూ ఉంటే నీ త్రిభుజంలో కూర్చుంటారా అని ఆయన. హెడ్ మేడమ్ ఇద్దరి గోలా పడలేక ఒక పద్ధతి పెట్టింది. ఎవరి పీరియడ్ నడుస్తూ ఉంటే స్కూలు ఫోన్ వాళ్ళ దగ్గర ఉంటుంది. పంపడమూ మానడమూ వాళ్ళ ఇష్టం. పంపేటట్టయితే కెప్టెన్‌కు చెబితే చాలు, మిగతావాళ్ళను ఆ పిల్ల పిలుచుకుంటుంది.

చూశారా? పంపను అనే హక్కు నాకుంది. అయినా ఒక్కసారి కూడా 'పంపను' అనలేదు. అంటే ఊళ్ళో చెడ్డవాణ్ణయిపోతానని. సణుక్కుంటూ పంపేవాణ్ణి. ప్రతిసారీ మంచివాణ్ణే.

మరుసటి ఏడు ఫిబ్రవరి. గిరిజ పదో తరగతికి వచ్చింది. పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆ రోజు సరూప త్రిభుజాల వైశాల్యాల సిద్ధాంతం చెబుతున్నాను. ఆ సిద్ధాంతం ఏటా నన్ను ఏడిపిస్తుంది. పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో కక్కుతారు, మరిచిపోతారు. ఆ రోజు ఏమైందో తెలియదు. వెనక బెంచీ కుర్రాడొకడు తనంతట తానే లేచి సరైన ప్రశ్న అడిగాడు. దాంతో క్లాసంతా నిటారుగా కూర్చుంది. గిరిజను బోర్డు దగ్గరికి పిలిచాను. సుద్దముక్క తీసుకుని, నేను చెప్పకుండానే, ఒక్కో మెట్టూ రాస్తోంది. నాకు ఒళ్ళు పులకరించింది. నవ్వకండి. లెక్కల మేష్టర్లకు అలాంటి రోజులు ఎక్కువ రావు.

అప్పుడు జేబులో ఫోన్ వణికింది.

వరండాలోకి వచ్చి తీశాను. సెక్రెటరీ. ఆయన గొంతుకు ఫోన్ అక్కర్లేదు, గాలి చాలు అని మేం వేళాకోళం చేసేవాళ్ళం. "మేష్ట్రే, చౌడప్ప రాగి వామి అంటుకోనుండాది! గుట్ట అవతల! బిరీన పంపండప్పా పిల్లోళ్ళని!"

"ఆ, పంపిస్తా" అన్నాను.

ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాను. గిరిజ ఇంకా రాస్తోంది. చివరికి వచ్చేసింది. ఇంకొక్క నిమిషం, ఈ రెండు వరుసలు కానీ, అనుకున్నాను. అవి అయ్యాయి. ఎవరో సందేహం అడిగారు. అదొక్కటి తీర్చేద్దామనుకున్నాను. తీర్చాను. దానికి ఇంకో ఉదాహరణ ఉంటే బాగుంటుందనిపించింది. ఇచ్చాను. మరిచిపోయానా? లేదు. ఆ ఫోన్ నా గుండె మీదే ఉంది, అది నాకు తెలుస్తూనే ఉంది. ఎవరైనా పెద్దవాళ్ళు పోయి ఉంటారులే, రాగి గడ్డే కదా, మనుషులు కాదు కదా అని నాలో నేనే బేరమాడుకుంటూ ఉదాహరణ పూర్తి చేశాను. బెల్లు కొట్టారు. అప్పుడు కిటికీలోంచి చూస్తే గుట్ట మీదుగా నల్లగా పొగ.

నేను 'పంపను' అని ఉంటే ఏమయ్యేదో తర్వాత తెలిసింది. డైరీ దగ్గర మగవాళ్ళు ఉన్నారు. వాళ్ళే బిందెలు పట్టుకుని పోయేవాళ్ళు. కానీ కొక్కేలూ గోనెలూ స్కూల్లో ఉన్నాయి కదా, మేష్టరు పంపిస్తానన్నాడు కదా, పిల్లలు దారిలో ఉంటారు కదా అని చూస్తూ నిలబడ్డారు. చూసీ చూసీ వాళ్ళు కదిలేసరికి వామి మొత్తం బూడిద. మనుషులకేం కాలేదు. కొట్టంలో ఆవులకూ ఏం కాలేదు. కానీ చౌడప్పకు ఎండకాలమంతా ఆ గడ్డే దిక్కు. ఊళ్ళోవాళ్ళు ఇంటికొక మోపు ఇచ్చారు, మంచి ఊరే. అయినా చాలక, కడుపుతో ఉన్న పెయ్యను సంతకు తోలుకుపోయి అమ్ముకున్నాడు.

పిల్లల్ని పంపకపోవడం తప్పా అంటే, నేను ఇప్పటికీ వాదిస్తాను. పంపిస్తానని చెప్పి పంపకపోవడం మీద నాకు వాదన లేదు.

మరుసటి రోజు స్కూల్లో పంచాయితీ. హెడ్ మేడమ్, పి.టి. మేష్టరు, సెక్రెటరీ, చౌడప్ప, ఎదురుగా నిప్పు దండు పిల్లలు. చౌడప్ప కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది. "మా గడ్డికి కూడా పరీక్షలు దగ్గరికొచ్చినట్టుండాది" అని చిన్నగా నవ్వాడు. పి.టి. మేష్టరు మొహం మాడిపోయి ఉంది. మాట మీకు అందిందా లేదా అని పిల్లల్ని అడిగాడు.

ఇప్పుడు నేను మాట్లాడాలి. గదిలో అందరికంటే బాగా మాట్లాడేవాణ్ణి నేనే. కళ్ళద్దాలు తీశాను. పంచె కొంగుతో తుడవడం మొదలుపెట్టాను. శుభ్రంగానే ఉన్నాయి. అయినా తుడుస్తూనే ఉన్నాను.

గిరిజ లేచింది. "అందింది సార్. మేష్టరు నాకు చెప్పినారు. లెక్క ముగించుకోని పోదామని నేనే ఆలస్యం చేస్తిని" అంది.

నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను. అంతే చేశాను. పి.టి. మేష్టరు ఆ పిల్ల మెడలోంచి తాళంచెవి తీసుకున్నాడు. ఎవరూ గట్టిగా తిట్టలేదు. చౌడప్ప మాత్రం ఆ పిల్లను చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల అది చూసింది.

పంచాయితీ అయ్యాక వరండాలో ఒక్కతే నిలబడి ఉంటే దగ్గరికి పోయాను.

"యాలమ్మా అట్ల చెప్తివి? నేను నీకు చెప్పనే లేదు గదా" అన్నాను.

"చెప్పలేదు సార్. కానీ నాకు ఇనబడె. బోర్డు కాడ ఉంటిని గదా, సెక్రెటరీ గొంతు కిటికీ దాకా వచ్చె."

"ఇనబడినా యాల పోలేదు?"

"మీరొచ్చి చెప్తారు, అంతలోపల రెండు లైన్లు రాసేద్దామనుకుంటిని. ఆ లెక్క నాకు అప్పుడే తెలస్తా ఉండె సార్. ఇడిసిపెట్టి పోతే మళ్ళా రాదేమో అని భయమాయె." కళ్ళు తుడుచుకుంది. "చౌడప్ప తాత పెయ్యని అమ్మల్ల అంటా ఉండాడు సార్. నేను పోయింటే అయ్యేది కాదు గదా?"

మీరైతే ఏమనేవారు? ఎవరైనా ఏమంటారు? నీ తప్పు కాదమ్మా, నువ్వు చిన్నదానివి, ఫోన్ వచ్చింది నాకు, రా పోయి నిజం చెప్పేద్దాం. ఇంతే కదా. ఇది పెద్ద సిద్ధాంతమా? ఆ మాట నా నాలుక చివర దాకా కూడా రాలేదు. వచ్చింది వేరే. నాకు సంతోషం వేసింది. అవును, సంతోషమే. ఈ పిల్ల కూడా విన్నదట, నేనొక్కణ్ణే కాదన్నమాట, అని గుండె తేలికైంది.

"అట్లయితే నువ్వూ వింటివి, నేనూ వింటిని. తప్పు చెరి సగం. ఈ మాట ఈడికి ఇడిసిపెడదాం" అన్నాను.

కాసేపు నన్నే చూసింది. "సరే సార్. సగం నాది" అని తల ఊపి వెళ్ళిపోయింది.

ఏం పంపకం చేశానండీ! అందరి ముందూ మొత్తం మోసిన పిల్లకు, ఎవరూ లేని చోట సగం ఇచ్చి, నేనేదో ఉదారంగా మిగతా సగం తీసుకున్నట్టు. నేను తీసుకున్న సగాన్ని చూసినవాళ్ళెవరు? నా వాటా నా జేబులో, ఆ పిల్ల వాటా ఊరందరి కళ్ళ ముందు. ఆ రోజు సాయంత్రం ఇంట్లో రాగి ముద్ద, ఆకుకూర ఉడికిన నీళ్ళతో కాచిన బస్సారు. రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాను. అంత తేలిగ్గా ఉన్నాను.

నిప్పు దండు ఆగిపోయింది. పిలిస్తే రాని పిల్లల్ని నమ్ముకుని ఏం లాభం, చదువుకోనీ అన్నారు ఊళ్ళోవాళ్ళు. అదే కదా నాకు కావలసింది? ఏడాది పాటు స్టాఫ్‌రూమ్‌లో గొంతు చించుకున్నా గెలవని వాదన, అద్దాలు తుడుచుకుంటూ గెలిచాను. పి.టి. మేష్టరు ఆ తర్వాత నాతో వాదించలేదు. అడిగిన దానికి జవాబు చెప్పి ఊరుకునేవాడు. ఆ ఏడు లెక్కల్లో ఒక్కరూ తప్పలేదు. నాకు సన్మానం చేశారు. శాలువా కప్పారు, తలకు మైసూరు పేట, అంటే తలపాగా పెట్టారు. పేట కొంచెం వదులు, కళ్ళ మీదికి జారుతూ ఉంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎదుట వరుసలో గిరిజ చప్పట్లు కొడుతోంది. మనస్ఫూర్తిగానే కొడుతోంది. అది నేను చూడకుండా ఉండాల్సింది.

ఊళ్ళో ఆ పిల్లకు 'నిదానమ్మ' అని పేరు పడింది. వేళాకోళానికే అనుకోండి. పరిగెత్తే పిల్లకు ఆ పేరు.

ఏళ్ళు గడిచాయి. నేను రిటైరయ్యాను. చింతామణిలో మా తమ్ముడి చింతపండు అంగట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు లోకం సంగతులు చెబుతూ ఉంటాను. గిరిజ డిగ్రీ చదివింది, ఊళ్ళోనే పెళ్ళి చేసుకుంది, ఇప్పుడు ఆ డైరీకి తనే సెక్రెటరీ. పొద్దున్నే పాల క్యాన్ల మధ్య నిలబడి పెద్ద పెద్ద మీసాలవాళ్ళను గదమాయిస్తుందని విని నవ్వుకున్నాను. ఎదురు పడకుండా ఉండడానికి ఆ ఊరి బస్సెక్కడం మాత్రం మానేశాను.

పోయిన నెల ఫోన్ చేసింది. "సార్, బాగుండారా? పిల్లోళ్ళ బెంకి పడె మళ్ళా చేస్తా ఉండాం. ఆదివారం స్కూల్లో మీటింగు. బడి ఇడిసిపెట్టి పిల్లోళ్ళు పోవచ్చా కూడదా అని రచ్చ అయితా ఉండాది. మీరు రావల్ల సార్, ఆ సంగతి మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?"

ఆ చివరి మాటలో ముల్లుందా? వెతికాను. దొరకలేదు. మామూలుగానే అంది. మోకాలి నొప్పి అని చెప్పి తప్పించుకోవచ్చు, నొప్పి నిజంగానే ఉంది. ఎందుకు వస్తానన్నానో నాకే తెలియదు. నా నోటికి 'సరే' అనడం అలవాటు.

మీటింగు బ్రహ్మాండంగా జరిగింది. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఒకామె మా వాడు చదువుకోవాలా, గడ్డి ఆర్పాలా అని లేచింది. ఆమె మొగుడే, వాడు చదువుతా ఉంటే గదా అన్నాడు. నవ్వులు. పిల్లలేమో మేం పోతాం, మేం పోతాం అని వెనక నుంచి గోల. నేను ముందు వరుసలో కుర్చీలో, పెద్దమనిషిలా. చివరికి గిరిజ లేచి తను అనుకున్న పద్ధతి చెప్పింది. సామాను స్కూల్లో కాదు, డైరీలో ఉంటుంది. మంట దగ్గరికి ముందు పెద్దవాళ్ళే పోవాలి, పిల్లలు వెనక చేరి గోనెలు తడిపి అందించాలి. పదో తరగతి పిల్లలు సంక్రాంతి దాటాక రాకూడదు. ఇవన్నీ అయ్యాక అంది:

"ఫోన్ చేస్తే మేష్టర్లు పంపతా అనల్ల, లేదంటే పంపను అనల్ల. పంపను అంటే మాకేం కోపం లేదు, మేమే పోతాం. పంపతా అంటే మాత్రం, పిల్లోళ్ళు పరిగెత్తే కాళ్ళ చప్పుడు ఇనబడే దాకా నేను ఫోన్ పెట్టను."

అదెందుకమ్మా అంత పట్టు అని కొత్త హెడ్‌మాస్టరు నవ్వుతూ అడిగాడు.

"ఊరికే సార్. మంచిది గదా" అంది. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత జాగ్రత్త పడిందంటే, గదిలో నన్నొక్కణ్ణే చూడలేదు.

మళ్ళీ కాపాడుతోంది. ఇన్నేళ్ళయినా. నాకు ఒళ్ళు మండింది, నా మీదే. లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది. చౌడప్ప వామి కాలిన రోజు ఫోన్ నాకే వచ్చిందనీ, పంపిస్తానని చెప్పి పంపలేదనీ, గిరిజకు నేను చెప్పనే లేదనీ, ఆ పిల్ల నా కోసం అబద్ధమాడితే అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాననీ చెప్పేశాను. ఏం అలంకారం లేకుండా చెప్పాను. నా జన్మలో అంత తక్కువ మాటల్లో నేనేదీ చెప్పలేదు.

గోడకు ఆనుకుని కూర్చున్న చౌడప్ప గొంతు సవరించుకున్నాడు. ముసలివాడైపోయాడు, చెవులు మాత్రం బాగున్నాయి.

"అయితే, ఆ లెక్క ముగిసెనా మేష్ట్రే?"

"ముగిసిందప్పా" అన్నాను.

"సరే. అదన్నా ముగిసె."

గది గొల్లుమంది. పోనీలెండి మేష్ట్రే, ఎప్పటిదో అన్నారు ఎవరో. నాకు ప్రాణం లేచి వచ్చింది. నేనూ నవ్వబోయాను. ఇంత తేలిగ్గా అయిపోతుందని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాణ్ణే అనుకున్నాను కూడా. ఇదీ నా బుద్ధి. చౌడప్ప నవ్వడం లేదని అప్పుడు చూశాను. ఆయన తల దించుకుని నేల మీద వేలితో ఏదో గీస్తున్నాడు.

గిరిజ కూడా నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా ఆగింది.

"సార్ అంతా తన మీదేసుకుంటా ఉండారు. నాకూ ఇనబడె ఆ రోజు. నేనూ పోలేదు. సగం నాది" అంది.

అదేదో ఇంటి పేరు చెప్పినట్టు చెప్పింది. తడబాటు లేదు. ఇన్నేళ్ళు రోజూ చెప్పుకుని అరిగిపోయిన మాటలా ఉంది. అప్పుడు నాకు అర్థమైంది, నేను చెప్పింది సగమేనని. అందరూ నవ్వేసిన సగం. ఆ వరండా మాట ఇంకా నా దగ్గరే ఉంది. నేను పెళ్ళి విందుల్లో రాయి తగిలినట్టు నోరు పట్టుకుంటూ ఉంటే, ఈ పిల్ల డైరీలో చౌడప్ప తెచ్చే పాలు కొలుస్తూ, ప్రతి పొద్దూ ఆయన మొహం చూస్తూ, నేనిచ్చిన వాటాను మోసింది.

"లేదమ్మా" అన్నాను. "సగం అనేది నేను నీకు చెప్పిన మాట. నా భయానికి చెప్పిన మాట. నువ్వు పదిహేనేళ్ళ పిల్లవి. ఫోన్ నా జేబులో ఉండె. అందులో నీ వాటా లేదు, ఎప్పుడూ లేదు. నువ్వు ఏడస్తా నిలబడుంటే, నువ్వు కూడా వింటివని నాకు సంతోషమాయె. అదమ్మా నేను చేసిన తప్పు. గడ్డి కాలింది దాని ముందర ఏం లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పోనీలెండి అని కూడా అనలేదు. గిరిజ నన్ను చూసింది. ఆ రోజు వరండాలో చూసినంత సేపూ చూసింది. ఏదైనా అంటుందని ఎదురు చూశాను. పిల్లల వైపు తిరిగి, ఎవరెవరు పేర్లిస్తారో చేతులెత్తండి అంది. పిల్లలందరూ రెండు చేతులూ ఎత్తారు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. దారి పొడుగునా రోడ్డు మీద ఉలవలు పరిచి ఉన్నాయి, మా బస్సు వాటిని తొక్కుకుంటూ పోయింది. చాలా తేలిగ్గా ఉంది, దాచడమెందుకు. ఎవరూ క్షమించలేదు, నేనూ అడగలేదు. ఆమెకిచ్చిన సగం వెనక్కి తీసుకున్నానని నేను అనుకుంటున్నాను. ఆమె ఇచ్చిందో లేదో ఆమెకే తెలియాలి.